‘సారీ’ కంటే ముందు నేర్పవలసిన మాటలు

పట్నాల్లోనే కాదు, చిన్న ఊళ్లలోనూ స్పోకెన్ ఇంగ్లీషు తరగతులు వెలిశాయి. కుట్టుపని, కంప్యూటరుతోపాటు స్త్రీలకు నిత్యవ్యవహార ఇంగ్లీషు నేర్పే బాధ్యతను మన స్వచ్ఛంద సంస్థలూ కొన్ని తలకెత్తుకున్నాయి. బట్టల దుకాణంలోనో, ఆసుపత్రి రిసెప్షనులోనో, కాల్ సెంటరులోనో ఉద్యోగం దొరకాలంటే నాలుగు ఇంగ్లీషు ముక్కలు రావాలి. అందుచేత ఈ తరగతులను తప్పు పట్టవలసిన పని లేదు. 1854లో వెలువడిన తన కవితా సంపుటిలోనే సావిత్రీబాయి ఫూలే శూద్ర, అతిశూద్ర కులాలవారిని ఇంగ్లీషు నేర్చుకొమ్మని ప్రోత్సహించింది. తరతరాలుగా చదువుకు దూరంగా ఉంచబడ్డ కులాల స్త్రీలు ఇవాళ ఇంగ్లీషు కావాలంటుంటే, మాతృభాషాభిమానం పేరుతో వారికి అడ్డుపడే హక్కు ఎవరికీ లేదు.

అయితే మనం వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. ఏ ఇంగ్లీషు? ఎవరి అవసరం కోసం?

ఈ తరగతుల్లో సాధారణంగా నేర్పే మాటలు గమనించండి. ప్లీజ్, సారీ, థాంక్యూ, మే ఐ హెల్ప్ యూ. తర్వాత తన పేరు, భర్త ఉద్యోగం, పిల్లల సంఖ్య చెప్పుకోవడం. ఇంటికొచ్చిన అతిథికి కాఫీ ఇస్తూ అడగవలసిన మాటలు. మర్యాద మంచిదే. కానీ ‘నాకు ఇష్టం లేదు’, ‘ఈ కాగితంలో ఏముంది?’, ‘నా జీతంలో ఈ కోత ఎందుకు?’ అనే వాక్యాలు ఎన్నో పాఠంలో వస్తాయి? చాలాచోట్ల అవి రానే రావు. గొంతు తగ్గించి, నవ్వుతూ మాట్లాడటమనే పాత స్త్రీధర్మాన్నే కొత్త భాషలో మళ్లీ నేర్పుతున్నామన్నమాట.

నిజానికి మన స్త్రీలకు ఇంగ్లీషు రాదన్నది అబద్ధం. బడి మెట్టు ఎక్కని కూలీ స్త్రీ నోట కూడా ఆపరేషన్, డెలివరీ, కేసు, లోను, గ్రూపు, టెన్షన్ వంటి మాటలు ఎన్నో వినిపిస్తాయి. ‘అడ్జస్ట్ అవ్వాలి’, ‘కాంప్రమైజ్ అయిపో’ అన్నవీ ఇంగ్లీషు మాటలే. దెబ్బలు తిని పుట్టింటికొచ్చిన కూతురికి పెద్దలు చెప్పే ‘అడ్జస్ట్’ అనే మాటకు మన ఇళ్లల్లో ఒకటే అర్థం: సహించమని. లొంగి ఉండమని చెప్పే ఇంగ్లీషు ఏ తరగతీ లేకుండానే గడప దాటి లోపలికొచ్చింది. కాదనే హక్కును చెప్పే ఇంగ్లీషు మాత్రం కాగితాల్లోనే ఉండిపోయింది.

ఉదాహరణకు ‘కన్సెంట్’ అనే మాట తీసుకోండి. గర్భసంచి తీసివేత ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందువరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపిస్తున్నాయి. ప్రతి ఆపరేషనుకూ ముందు సంతకం పెట్టించుకునే కన్సెంట్ ఫారం అనేక ఆసుపత్రుల్లో ఇంగ్లీషులోనే ఉంటుంది. ‘ఇక్కడ సంతకం పెట్టమ్మా’ అనడమే తప్ప చదివి వినిపించేవారు అరుదు. సమీరా కోహ్లీ కేసులో మత్తులో ఉన్న స్త్రీకి ఆమె తల్లి అనుమతితో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అది చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. రోగికి తగిన సమాచారం ఇచ్చి ఆమె సమ్మతి తీసుకోవాలనీ, ఒక చికిత్సకు ఇచ్చిన సమ్మతి మరోదానికి వర్తించదనీ స్పష్టం చేసింది. ‘కన్సెంట్’ అంటే ‘ఆసుపత్రివాళ్లు అడిగే సంతకం’ కాదు, ‘నా ఒప్పుకోలు’ అని తెలిసిన స్త్రీ కలం పట్టుకునే ముందు ఒక క్షణం ఆగుతుంది.

కోర్టులో ‘మ్యూచువల్ కన్సెంట్’ విడాకుల కాగితాల సంగతీ ఇదే. హిందూ వివాహ చట్టం కింద పెట్టిన ఉమ్మడి పిటిషనుకు ఇచ్చిన సమ్మతిని డిక్రీ వచ్చేలోగా వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పెద్దమనుషుల ఒత్తిడికి సంతకం చేసి, ఇక అంతా అయిపోయిందని కుమిలిపోయే స్త్రీకి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

పాఠంలో ఏముందన్నది చిన్న విషయం కాదని మన రాష్ట్ర చరిత్రే చెబుతోంది. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో దూబగుంట స్త్రీలు చదివిన పాఠం ‘అల, వల’తో ఆగిపోలేదు. సారా వల్ల నలిగిన సంసారాల గురించి మాట్లాడింది. ఆ చర్చ సారా దుకాణం మూయించేదాకా వెళ్లింది. 1992లో ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అక్షరం ఒక్కటే ఆ పని చేయలేదు. తమ బతుకు గురించిన అక్షరం కనుక చేసింది.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండవలసిన విషయం ఒకటుంది. స్త్రీలు ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు కదా అని ప్రభుత్వం, ఆసుపత్రి, పోలీసు స్టేషను తమ బాధ్యత నుంచి తప్పించుకోకూడదు. 1966 చట్టంతో తెలుగు అధికారభాష అయింది. కష్టం చెప్పుకుంటూ ఏ అధికారికైనా తెలుగులో అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. 2024 జూలై నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, ఫిర్యాదుదారుకు చదివి వినిపించి, ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. పాత చట్టంలోనూ ఈ హక్కు ఉంది. ఇంగ్లీషు రాకపోవడం నేరం కాదు. అర్థం కాని భాషలో సంతకం పెట్టించుకోవడమే అన్యాయం.

కాబట్టి ఇంగ్లీషు తరగతులు నడిపే మిత్రులకు నాదొక సూచన. మొదటి నెల పాఠాలను స్త్రీలు తమ ఇళ్ల నుంచి తెచ్చే కాగితాలతో మొదలుపెట్టండి. జీతం చీటీలో గ్రాస్, డిడక్షన్, నెట్ పే అంటే ఏమిటి? ఇ.ఎస్.ఐ. కింద 0.75 శాతం, పి.ఎఫ్. కింద సాధారణంగా 12 శాతం కోస్తున్నారు సరే, అవి కడుతున్నట్టు రుజువేది? అప్పు కాగితంలో గ్యారంటర్ ఎవరు? ఫిర్యాదు ఇచ్చినప్పుడు ఎక్నాలెడ్జ్‌మెంట్ ఎందుకు అడగాలి? ఆ పైన నాలుగు వాక్యాలు తడబడకుండా వచ్చేదాకా చెప్పించండి: ‘ఐ వాంట్ ఎ కాపీ’. ‘ప్లీజ్ రీడ్ ఇట్ టు మీ ఇన్ తెలుగు’. ‘ఐ విల్ నాట్ సైన్ నౌ’. ‘ఐ డు నాట్ అగ్రీ’.

వ్యాకరణం తప్పినా ఫరవాలేదు. ఈ వాక్యాలు పలికే స్త్రీ పక్కన మరో ఇద్దరు స్త్రీలు నిలబడటం అంతకంటే ముఖ్యం. ఒంటరి గొంతు ఏ భాషలో పలికినా అధికారి చెవికెక్కడం కష్టమని మనకు అనుభవమే. సారీ, థాంక్యూ రెండో నెలలో నేర్పుకోవచ్చు, తొందరేమీ లేదు.