ఖాతాలో సొమ్ముండగా చెక్కు తిరిగివస్తే

వాహన బీమా ప్రీమియం కోసం చెక్కు ఇచ్చాము. ఖాతాలో సరిపడా సొమ్ము ఉంది. అయినా బ్యాంకు పొరపాటున దానిని తిప్పి పంపింది. బీమా రద్దయింది. ఇంతలో ప్రమాదం జరిగింది. దీనిని విధివ్రాతగా భావించి సహనం వహించాలా? బ్యాంకును పరిహారం అడగటం ధర్మసమ్మతమేనా? ఇలాంటి చిక్కులో పడినవారికి కలిగే సందేహమిది.

కరెంటు ఖాతాలో మనం వేసిన డబ్బును వాడుక మాటలో అమానతు అంటాము. కాని బ్యాంకు దానిని వాడుకొని, అడిగినప్పుడు అంతే మొత్తం చెల్లించే బాధ్యత స్వీకరిస్తుంది. కనుక ధర్మశాస్త్రం దృష్టిలో అది ఖర్జ్, అనగా రుణం. బ్యాంకు బాకీదారు. ‘నాకు రావలసిన దానిని ఫలానా వారికి చెల్లించు’ అని మనమిచ్చే ఆదేశమే చెక్కు. స్తోమత ఉండి కూడా బాకీ తీర్చకుండా జాప్యం చేయటం జుల్మ్ అని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. బుద్ధిపూర్వకంగా చేయలేదు కదా అనవచ్చు. పొరపాటు వలన పాపభారం తొలగుతుందేమో గాని, పరుల సొత్తుకు కలిగిన నష్టానికి జమానత్ తొలగదు.

దేశ చట్టం కూడా ఇదే చెబుతోంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 31వ సెక్షను ప్రకారం, ఖాతాలో తగిన సొమ్ముండగా చెక్కు చెల్లించని బ్యాంకు, దానివలన ఖాతాదారుకు కలిగిన నష్టాన్ని భరించాలి.

బీమా విషయంలో ఉలమాల మధ్య చర్చ ఉన్నప్పటికీ, వాహనాలకు మూడవపక్ష బీమాను 1988 నాటి మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది. ప్రీమియం ముందుగా అందనిదే బీమా కంపెనీ బాధ్యత వహించరాదని 1938 నాటి బీమా చట్టం 64-వీబీ సెక్షను నిర్దేశిస్తోంది. కాబట్టి చెక్కు తిరిగివస్తే మన వాహనానికి కలిగిన నష్టాన్ని కంపెనీ ఇవ్వకపోవచ్చు. అయితే ప్రమాదానికి ముందే రద్దు సమాచారం యజమానికి అందకపోతే, గాయపడిన ఇతరులకు కంపెనీయే చెల్లించాలని సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పింది.

కనుక చెక్కు తిరిగివచ్చిన రోజే బ్యాంకు నుండి కారణం తెలిపే మెమో తీసుకోండి. ఆనాటి ఖాతా నిల్వ పత్రాన్ని భద్రపరచండి. ప్రీమియాన్ని వేరే మార్గంలో వెంటనే చెల్లించండి. బీమా తిరిగి అమలులోకి వచ్చేదాకా వాహనాన్ని రోడ్డెక్కించకండి. బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సమాధానం రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించేందుకు 2 సంవత్సరాల గడువుంది. లావాదేవీలను వ్రాసి ఉంచుకోవాలన్న అల్ బఖరా 282వ ఆయతులోని ఆదేశం విలువ ఇక్కడే తెలిసివస్తుంది.

అడిగేటప్పుడు జరిగిన నష్టాన్నే అడగండి; దానికి మించి కల్పించి చెప్పటం మనం చేసే జుల్మ్ అవుతుంది. సబ్ర్ అంటే హక్కును వదులుకోవటం కాదు. హక్కును కోరేటప్పుడు కూడా న్యాయం తప్పకుండా ఉండటం సబ్ర్‌లో భాగమే.