చేపల చెరువుల్లో వ్యాధి: బాక్టీరియా ఈతకు ఉన్న పాత్ర

కొల్లేరు పరిసర చెరువుల్లో బొచ్చె, శీలావతి ఒంటిపై ఎర్రమచ్చలు, పుండ్లు కనిపించగానే రైతులు యాంటీబయాటిక్ కోసం మందుల దుకాణానికి వెళ్లడం పరిపాటి. ఈ లక్షణాలకు తరచుగా కారణమయ్యే ఏరోమోనాస్ హైడ్రోఫిలా బాక్టీరియా మంచినీటిలో సహజంగానే జీవిస్తుంది. నిత్యం పక్కనే ఉన్న సూక్ష్మజీవి ఏదో ఒక వారంలోనే ఎందుకు ప్రాణాంతకమవుతోందన్నది అసలు ప్రశ్న.

సమాధానంలో కొంత భాగం కశాభంలో ఉంది. బాక్టీరియా దేహం నుంచి తోకలా వెలువడే ఈ సన్నని పోగు గిరగిర తిరుగుతూ కణాన్ని ముందుకు నెడుతుంది. స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయ పరిశోధకులు విబ్రియో ఆంగ్విల్లారమ్‌పై 1996లో వెలువరించిన ఫలితాలు దీని పాత్రను స్పష్టం చేశాయి. ఈదగలిగినా రసాయన సంకేతాలను బట్టి దిశ మార్చుకోలేని బాక్టీరియాను వారు రూపొందించారు. దానిని రెయిన్‌బో ట్రౌట్ కడుపులోకి సూదితో ఎక్కించినప్పుడు వ్యాధి తీవ్రత తగ్గలేదు. చేపలను అదే బాక్టీరియా కలిపిన నీటిలో ఉంచినప్పుడు మాత్రం వ్యాధి కలిగించే శక్తి బాగా క్షీణించింది. అంటే ఆ ఈత కీలకమయ్యేది చేప లోపల కాదు, గడప దగ్గర. ట్రౌట్ చర్మం, పేగుల మీది జిగురు వైపు ఈ బాక్టీరియా ఆకర్షితమవుతుందని తదుపరి పరిశోధనల్లో తేలింది.

సముద్ర జలాల బాక్టీరియాపై జరిగిన ఈ పరీక్షను కార్పు చెరువుకు యథాతథంగా అన్వయించడం తగదు. అయితే ఏరోమోనాస్ కణజాలానికి అంటుకోవడంలోనూ కశాభాలు తోడ్పడతాయని ప్రయోగశాలల్లో రుజువైంది. చేప పేను కాట్లు, వలల ఒరిపిడి, కిక్కిరిసిన పెంపకం వల్ల జిగురు పొర చెదిరితే బాక్టీరియాకు పని మరింత సులువవుతుంది. పేనును అదుపు చేయకుండా యాంటీబయాటిక్ చల్లడమంటే తలుపు తెరిచి ఉంచి దొంగ కోసం ఇల్లంతా వెతకడమే. పైగా క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ల వాడకంపై దేశంలో నిషేధం అమలులో ఉంది.

కశాభమే లక్ష్యంగా టీకా రూపొందించాలన్న ఆలోచన ఆకర్షణీయమే. కానీ ట్రౌట్ చేపల్లో ఎర్రనోటి వ్యాధికి కారణమైన యెర్సీనియా రకెరీ అనుభవం వేరు. ఈత శక్తిని పూర్తిగా కోల్పోయిన దాని రకాలు ఐరోపా, అమెరికాల్లో టీకా వేసిన చేపలకు సైతం వ్యాధి తెచ్చాయి.