ఐదో ఏడాది దాకా ఆగొద్దు

మా ఇంటికి నెలకోసారి భోజనానికి వచ్చే కుర్రాడు ఒకడున్నాడు. గుంటూరు వైపు వాడు. ఇక్కడ అమెరికాలో ఫైనాన్స్‌లో పీహెచ్‌డీ, ఐదో ఏడాది. ప్రొఫెసర్ ఉద్యోగాల ఇంటర్వ్యూల సీజన్ ముగిసింది, ఒక్క ఆఫరూ రాలేదు. కంపెనీల్లో ప్రయత్నిస్తానని అడ్వైజర్‌తో చెప్పడానికి మూడు వారాలు తటపటాయించాడు. ఇంట్లో ఇంకా చెప్పనే లేదు. ‘ఇంత చదివి చివరికి కంపెనీలోనా?’ అంటారని భయం.

ఈ భయం వల్లే మన పిల్లలు ఆలస్యంగా మేల్కొంటున్నారు. నిజానికి ఈ రంగంలో విశ్వవిద్యాలయానికీ మార్కెట్‌కూ రాకపోకలు పాతవే. 1973లో మైరన్ షోల్స్‌తో కలిసి ఆప్షన్ల ధర కట్టే సూత్రం ప్రచురించిన ఫిషర్ బ్లాక్, 1984లో ఎంఐటీ వదిలి గోల్డ్‌మన్ శాక్స్‌కు వెళ్లాడు. యూజీన్ ఫామా దగ్గర షికాగోలో పీహెచ్‌డీ చేసిన క్లిఫ్ యాస్నెస్ 1998లో మరికొందరితో కలిసి ఏక్యూఆర్ పెట్టాడు. వీళ్లను ఓడిపోయినవాళ్లని ఎవరూ అనలేదు. పెట్టుబడి సంస్థలే కాదు, బ్యాంకుల్లో రిస్క్ మోడళ్లను పరీక్షించే విభాగాలున్నాయి. కోర్టు కేసుల్లో నష్టం లెక్కగట్టే కన్సల్టింగ్ సంస్థలున్నాయి.

పని తీరు మాత్రం మారుతుంది. మెక్లీన్, పాంటిఫ్ అనే ఇద్దరు పరిశోధకులు 2016లో ఒక లెక్క తేల్చారు. షేర్ల రాబడిని ముందే సూచిస్తాయని పేపర్లు చెప్పిన 97 అంశాలను తీసుకుంటే, ఆ పేపర్లు అచ్చయ్యాక రాబడి సగటున 58 శాతం తగ్గిందట. కంపెనీలు తమ పరిశోధనను ఎందుకు దాచుకుంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది. పేపరు మీద పేరు చూసుకోవడం అలవాటైనవాళ్లకు ఇది కష్టమే. ఇంకోటి, సాఫ్ట్‌వేర్ వాడిగా నా సణుగుడు: నేను చూసిన పీహెచ్‌డీ కోడ్ చాలావరకు రాసినవాడి ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా నడవదు. పైథాన్, ఎస్‌క్యూఎల్, గిట్ మూడో ఏడాదిలోనే పట్టుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు వీసా. విశ్వవిద్యాలయంలో ఉద్యోగమైతే హెచ్-1బీకి కోటా పరిమితి లేదు. కంపెనీ అయితే ఏటా 85 వేల వీసాల కోసం అందరితో పాటు మార్చిలో పేరు నమోదు చేయించుకోవాల్సిందే. అదీ ఉద్యోగమిచ్చే కంపెనీ చేయాలి. ఓపీటీ 12 నెలలు. స్టెమ్ కోర్సైతే మరో 24 నెలలు. మామూలు ఫైనాన్స్ కోడ్ స్టెమ్ జాబితాలో లేదు. కొన్ని విశ్వవిద్యాలయాలు ఇదే చదువును ఎకనోమెట్రిక్స్ కోడ్ కింద నడుపుతాయి, అది జాబితాలో ఉంది. ఐ-20 మీద ఉండే ఆ ఆరంకెల వల్ల హెచ్-1బీకి ఒక్క అవకాశమే దక్కుతుందా, మూడు దక్కుతాయా అన్నది తేలుతుంది. పైగా మొదటి ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు.

మా కుర్రాణ్ని ఐ-20 తెమ్మన్నాను. ఐదేళ్లలో ఆ అంకెలు ఏమిటని చూడలేదట, వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో చెప్పినవాళ్లూ లేరట. చూస్తే, మామూలు ఫైనాన్స్ కోడే.

సీటు ఇచ్చేటప్పుడు ఈ కోడ్ సంగతి, గత పదేళ్లలో చదివినవాళ్లంతా ఎక్కడ చేరారన్న సంగతి డిపార్ట్‌మెంట్లే చెప్పాలి. ప్రొఫెసర్లయినవాళ్ల పేర్లు మాత్రమే చూపిస్తే మిగతావాళ్ల గురించి పిల్లలే అడగాలి. మన తెలుగు సంఘాలు ఎంఎస్ పిల్లలకు రెజ్యూమె సదస్సులు పెడుతున్నాయి, సంతోషం. పీహెచ్‌డీ వాళ్ల కోసం ఒక్కటి కూడా నా కంట పడలేదు. బ్యాంకుల్లో, ఫండ్లలో పనిచేస్తున్న మనవాళ్లు ఏడాదికి ఒక్క శనివారం ఇస్తే చాలు.

కుర్రాడు అడ్వైజర్‌తో మాట్లాడేశాడు. ఆయన తనకు తెలిసిన ఇద్దరు పాత విద్యార్థుల నంబర్లు ఇచ్చారట. ఈ ఆదివారం వాళ్ల నాన్నగారికి ఫోన్ చేస్తాడు. ‘అంకుల్, మీరు పక్కనే ఉండండి’ అన్నాడు.