మస్టరులో పేరుంటేనే ఇ.ఎస్.ఐ.



"పగారులో కోత ఎందుకు? ఆ పైసలు చేతికే ఇయ్యమను" - షోలాపూర్ సాంచాల కార్ఖానాల్లో మనవాళ్లే అనే మాట ఇది. సేఠ్‌కు కావలసిందీ ఇదే. ఎందుకో లెక్క చూద్దాం.

2019 జూలై నుంచి ఇ.ఎస్.ఐ. చందాలో కార్మికుని వాటా నూటికి 75 పైసలు, యజమాని వాటా 3 రూపాయల 25 పైసలు. నెలకు 12,000 పగారుంటే మన కోత 90 రూపాయలు. యజమాని కట్టాల్సింది 390. మనం 90 మిగిలిందని సంబరపడతాం. ఆయన 390 మిగుల్చుకుంటాడు.

ఆ చందాకు దక్కేదేమిటి? మనకూ, భార్యాబిడ్డలకూ వైద్యం. ఆరు నెలల్లో 78 రోజుల చందా ఉంటే, జబ్బుపడి పనికి పోలేనప్పుడు ఏడాదిలో 91 రోజుల దాకా పగారులో నూటికి 70. బయటి ఆసుపత్రి పాలసీకి ప్రీమియం మొత్తం మనమే కట్టాలి. పోయిన పగారు అది ఇవ్వదు.

పత్తి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు బిసినోసిస్ వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. కాని మస్టరులో పేరు లేనివాడు ఏ మిల్లు దుమ్ము పీల్చాడని రుజువు చేస్తాడు?

పదిమంది, అంతకు మించి పనిచేసే కార్ఖానాకు ఈ స్కీము వర్తిస్తుంది. ఒకే షెడ్డును రెండు మూడు పేర్ల మీద చూపే ఎత్తు మనకు తెలియనిది కాదు.

ఇ.ఎస్.ఐ. దవాఖానాలో మందుల కొరత, పెద్ద క్యూలు - ఈ ఫిర్యాదులు నిజమే. వాటికి విరుగుడు పోరాటం, చందా మానడం కాదు.

ఈ నెల పగారు చీటీ అడగండి. కోత, ఇన్సూరెన్సు నంబరు ఉన్నాయో చూడండి. లేకుంటే యూనియన్ ఆఫీసుకు రండి. ఒంటరిగా కాదు, షెడ్డంతా కలిసి రండి!