అతుకుల నేల

తిరుమల ఘాట్ రోడ్డులో రోజూ వేల మంది ప్రయాణిస్తారు. ఆ దారి పక్కన ఒకచోట కింద గ్రానైటు, దాని మీద పొరలుగా పేర్చినట్టు క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. కింది రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దానికీ పై పొరలకూ నడుమ ఉన్న గీత దగ్గర పదుల కోట్ల ఏళ్ల చరిత్ర కోతకు గురై పోయింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఆ చోటును జాతీయ స్మారకంగా గుర్తించింది. అయినా అది మన నేల పుట్టుకను చెప్పే సాక్ష్యమని తెలిసినవారు ఎందరు?

మన నేల ఒక్కసారిగా, ఒకే ముద్దగా పుట్టలేదు. వేర్వేరు కాలాల్లో ఏర్పడ్డ భూపటలపు ముక్కలు ఒకదాన్నొకటి ఢీకొని, అతుక్కుని తయారైన బొంత ఇది. ఆ అతుకుల ఆనవాళ్లు మ్యూజియాల్లో దాచినవి కావు. గుట్టల్లో, క్వారీల్లో, రోడ్డు కోసం తొలిచిన కొండ అంచుల్లో బయటే ఉన్నాయి. వాటిని చదవడం మనం నేర్చుకోలేదు, పిల్లలకు నేర్పడం లేదు. ఈలోగా ఒక్కొక్కటే కంకరగా మారిపోతోంది. నా బాధ అదే.

మొదటి అతుకు కర్ణాటకలో ఉంది. దక్కను పీఠభూమికి పునాదిగా నిలిచిన పురాతన శిలాఖండాన్ని ధార్వార్ క్రేటన్ అంటారు. అందులో పడమటి భాగం పాతది. అక్కడి కొన్ని శిలల వయసు 300 కోట్ల ఏళ్లు దాటింది. తూర్పు భాగంలో ఎక్కువ శిలలు 270 నుంచి 250 కోట్ల ఏళ్ల నాటివి. ఈ రెండూ కలిసిన రేఖ చిత్రదుర్గ వైపు సాగుతుందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఎలా కలిశాయన్న దానిపై ఇంకా వాదనలున్నాయి. చిత్రదుర్గ దగ్గరి మరడిహళ్లిలో మాత్రం దిండ్ల ఆకారంలో గడ్డకట్టిన లావా కనిపిస్తుంది. లావా నీటి అడుగున పొంగితేనే ఆ రూపం వస్తుంది. ఈనాడు మెట్ట పొలాలున్న చోట ఆనాడు సముద్రం ఉండేదన్నమాట.

ఆ కలయిక వేళ లోతుల్లో కరిగిన శిలాద్రవం పైకి తోసుకొచ్చి చల్లబడింది. 'షోలే' సినిమా తీసిన రామనగర కొండలు అలా ఏర్పడ్డ గ్రానైటే. ఆ పట్టీ ఉత్తరంగా వందల కిలోమీటర్లు సాగుతుంది. హైదరాబాద్ గుట్టలూ, గోల్కొండ కోట నిలబడ్డ కొండా దాదాపు ఆ కాలానివే. ఆ కలయిక ఒత్తిడిలోనే వేడి ద్రవాలు పగుళ్ల వెంట బంగారాన్ని మోసుకొచ్చాయి. కోలార్, హట్టి, మన రామగిరి, జొన్నగిరి గనుల బంగారం ఆ పురాతన శిలల పట్టీలదే.

రెండో అతుకు తూర్పున, నెల్లూరు, ఒంగోలు వైపు ఉంది. దాదాపు 160 కోట్ల ఏళ్ల కిందట అక్కడి శిలలు తీవ్రమైన వేడికి, ఒత్తిడికి లోనై రూపం మార్చుకున్నాయి. నెల్లూరు ప్రాంతంలోని కండ్ర దగ్గరా, కనిగిరి దగ్గరా ప్రాచీన సముద్ర గర్భపు తునకలను శాస్త్రవేత్తలు గుర్తించారు. రెండు నేలలు దగ్గరకు జరిగితే మధ్యనున్న సముద్రపు అడుగుభాగం చాలావరకు ఒకదాని కిందికి దిగిపోతుంది. కొన్ని తునకలు మాత్రం అతుకులో ఇరుక్కుని మిగులుతాయి. ఇవి అలాంటివి. తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడిని కడప శిలలూ చూపిస్తాయి. పడమట బేతంచెర్ల వైపు నాపరాళ్లు దాదాపు చదునుగా పరుచుకుని ఉంటాయి. తూర్పున నల్లమలకు వచ్చేసరికి శిలల పొరలు మడతలు పడి ఉంటాయి.

మూడోది అన్నిటికంటే పెద్దది. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట తూర్పు కనుమల నేలా, తూర్పు అంటార్కిటికా నేలా ఒకే పర్వతశ్రేణిలో భాగాలయ్యాయి. విశాఖలో కైలాసగిరి, సింహాచలం కొండల్లో కనిపించే ఖోండలైటు ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమట్టి. భూమి లోపలికి ఎన్నో కిలోమీటర్లు కూరుకుపోయి, అక్కడి వేడికి గార్నెట్లు నిండిన రాయిగా మారి మళ్లీ పైకొచ్చింది. కనుమల్లో కొన్నిచోట్ల శిలలు 900 డిగ్రీలు దాటిన వేడి చూశాయి. మనం అరకు దారిలో చూసేది ఆనాటి పర్వతాల శిఖరాలను కాదు. అవి ఎప్పుడో అరిగిపోయాయి. ఇవి వాటి వేళ్లు.

సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట భారత్, అంటార్కిటికా విడిపోయాయి. ఇప్పుడు వేల కిలోమీటర్ల సముద్రం అడ్డున్నా రెండు తీరాల శిలలు ఒకే కథ చెబుతాయి. అంటార్కిటికాలో 2012లో మన దేశం భారతి పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పిన లార్సెమాన్ కొండల శిలలను తూర్పు కనుమలతో పోల్చి చదువుతున్నారు.

ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నారని అడగవచ్చు. జిర్కాన్ అనే ఖనిజపు రేణువులు చాలా శిలల్లో ఉంటాయి. వాటిలోని యురేనియం తెలిసిన వేగంతో సీసంగా మారుతుంది. రెండింటి నిష్పత్తి కొలిస్తే ఆ రేణువు వయసు తెలుస్తుంది. శిల మళ్లీ తీవ్రంగా వేడెక్కినప్పుడు రేణువు చుట్టూ కొత్త పొర పెరగవచ్చు. ఆ పొర వయసు వేరుగా కొలిస్తే శిల ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు నలిగిందో కూడా చెప్పవచ్చు.

అందుకే ఏ రాయి ఎక్కడుందన్నది ముఖ్యం. క్రషర్‌లో పడ్డ రాయి కంకరగా పనికొస్తుంది. పక్క రాయితో దాని సంబంధం మాత్రం శాశ్వతంగా పోతుంది. ఇళ్లకు, రోడ్లకు రాయి కావాలి, కాదనను. చీమకుర్తి గెలాక్సీ రాయి మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. క్వారీలన్నీ మూయమని నేను అడగడం లేదు. పేల్చే ముందు ఆ చోటులో ఏముందో తెలుసుకోమంటున్నాను. అతుకు రేఖలు, దిండు లావాలు, సముద్ర గర్భపు తునకలు బయటపడ్డ చోట్లు లెక్కకు కొన్నే. వాటిని జిల్లాలవారీగా గుర్తించి, లీజుల నుంచి మినహాయించాలి.

భూవారసత్వ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022లో ఒక ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది. ముసాయిదా చూసి జేసీబీ ఆగదు, చట్టం రావాలి. అది వచ్చేదాకా రెండు తెలుగు రాష్ట్రాలూ చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. విశ్వవిద్యాలయాల భూగర్భశాస్త్ర విభాగాలకు తమ ప్రాంతంలోని ముఖ్యమైన చోట్లు తెలుసు. వారిచేత జాబితా రాయించి, ఒక్కోచోట తెలుగులో అర్థమయ్యేలా బోర్డు పెట్టించి, హైస్కూలు పిల్లలను ఏడాదికి ఒక్కసారైనా అక్కడికి తీసుకెళ్లాలి. హిమాలయాలు ఎలా పుట్టాయో మన పిల్లలు పరీక్షలో రాస్తారు. తమ ఊరి గుట్ట ఎలా పుట్టిందో కూడా రాయగలగాలి.