ఎదురెదురుగా ఢీకొంటే తప్పు చెరిసగమేనా?

కోనసీమలోని జొన్నాడ దగ్గర రెండు రకాల రోడ్లు కలుస్తాయి. రాజమహేంద్రవరం నుంచి వచ్చి గౌతమి వంతెన మీదుగా రావులపాలెం, తణుకు వైపు సాగిపోయే నాలుగు వరుసల దారి ఒకటి. ఒకప్పుడు ఐదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 216-ఎ. ఆలమూరు, మండపేట వైపు వెళ్లేది రెండోది. వంతెన దాటి రావులపాలెంలో దిగితే కొత్తపేట, అమలాపురం వైపు కాలువ గట్ల వెంట నడిచే ఇరుకు రోడ్లు మొదలవుతాయి. ఇసుక టిప్పర్లు, కొబ్బరి లారీలు, అరటి గెలల వ్యాన్లు, కూలీల ఆటోలు, ముగ్గురేసి ఎక్కిన మోటారు సైకిళ్లు అన్నీ ఈ దారుల మీదే. ఇలాంటిచోట రెండు బళ్లు ఎదురెదురుగా గుద్దుకుంటే ఊళ్లో పెద్దమనుషుల దగ్గర, స్టేషన్లో, ఒక్కోసారి కోర్టులో కూడా వినిపించే మాట ఒకటుంది: ఇద్దరిదీ తప్పే. వినడానికి ధర్మంగానే ఉంటుంది. కానీ చాలాసార్లు అది విచారణ జరగకముందే ఇచ్చేసిన తీర్పు. దాని భారం పడేది తన మాట తాను చెప్పుకోలేనివాడి మీద, అంటే చనిపోయినవాడి మీద, స్పృహలేక ఆస్పత్రిలో పడి ఉన్నవాడి మీద, వాళ్లను నమ్ముకున్న పిల్లల మీద. తప్పెవరిదో ఊహ తేల్చకూడదు, రోడ్డు మీద మిగిలిన ఆనవాళ్లు తేల్చాలి. వాటిని భద్రపరచడం పోలీసుల విధి. ఆ కాగితాలు అడిగి తీసుకోవడం బాధితుల హక్కు.

ముందుగా ఈ ప్రమాదం ఎలా జరుగుతుందో చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న రెండు బళ్ల మధ్య దూరం సెకనుకు 33 మీటర్లు తరిగిపోతుంది. రెండు వరుసల రోడ్డు మీద ఈ వేగంతో ముందు బండిని దాటాలంటే సుమారు 300 మీటర్ల దూరం కంటికి ఆనాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెబుతోంది. వేగం 80 అయితే 470 మీటర్లు. మలుపులు, వంతెనల దగ్గర ఎత్తుపల్లాలు, గట్టు మీద చెట్లు ఉన్న కోనసీమ రోడ్లలో అంత చూపు దొరకడం కష్టం. శీతాకాలం తెల్లవారుజామున మంచు కమ్మినా, రాత్రి ఎదుటివాడు హైబీమ్ తగ్గించకపోయినా ఆ కాస్త చూపూ పోతుంది. డివైడర్ ఉన్న రోడ్డు మీద కథ వేరు. యూటర్న్ దూరమని రాంగ్ రూట్లో వచ్చేవాళ్లు అక్కడ ప్రమాదం తెచ్చిపెడతారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు ఎదురుదారిలో నడపడాన్ని 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్‌లో చేర్చారు. అంటే ఎదురెదురు ప్రమాదాల్లో చాలావాటికి ఒకే ఒక్క బండి తన హద్దు దాటడం మూలం. రెండోవాడు చేసిందల్లా తన వరుసలో తాను రావడమే. ఇక దెబ్బ సంగతి. సమాన బరువున్న రెండు కార్లు చెరో 60తో గుద్దుకుంటే ఒక్కో కారుకు తగిలే దెబ్బ 60తో గోడను గుద్దినంత. 25 టన్నుల లారీ, 1.2 టన్నుల కారు అదే వేగాలతో గుద్దుకుంటే కారు వేగం ఒక్కసారిగా 114 కిలోమీటర్ల మేర మారిపోతుంది, లారీ వేగం అయిదారు కిలోమీటర్లకు మించి మారదు. అందుకే సాక్ష్యం చెప్పడానికి మిగిలేది తరచుగా పెద్ద బండి డ్రైవరే. మొదటి కథనం అతనిదే అవుతుంది, ఎఫ్‌ఐఆర్ కూడా దాని వెంటే నడిచే ప్రమాదం ఉంది.

చెరిసగం అన్న మాట ఖరీదెంతో లెక్క వేసి చూడాలి. ఒక ఉదాహరణ అనుకుందాం. 35 ఏళ్ల కొబ్బరి దింపు కార్మికుడు, నెలకు 15,000 సంపాదన, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడ్డారు. 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పినట్టు 40 ఏళ్లలోపు స్వయం ఉపాధి మనిషి ఆదాయానికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలి. అంటే 21,000. నలుగురు ఆధారపడ్డారు కాబట్టి సొంత ఖర్చుకు పావు వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు 2009 నాటి సరళా వర్మ తీర్పు నిర్ణయించిన గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. అంత్యక్రియలకు, కుటుంబం కోల్పోయిన తోడుకు ఇచ్చేవి అదనం. ఇప్పుడు చనిపోయినవాడిదీ సగం తప్పని రాస్తే ఒక్క వాక్యంతో పదిహేను లక్షలు పోతాయి. అంత పెద్ద కోత పెట్టే మాటకు అంత బలమైన రుజువు ఉండొద్దా? 2006లో బిజోయ్ కుమార్ దుగర్ కేసులో సుప్రీంకోర్టు ఎదురెదురు ప్రమాదానికి ఇద్దరు డ్రైవర్లదీ సమాన బాధ్యత అన్నమాట వాస్తవమే. బీమా కంపెనీలు ఆ తీర్పును చేతిలో పట్టుకునే వస్తాయి. కానీ 2013లో జిజు కురువిల కేసులో అదే కోర్టు మరింత స్పష్టంగా మాట్లాడింది. ప్రత్యక్ష సాక్ష్యమో, దానికి బలం చేకూర్చే మరో ఆధారమో లేకుండా, ప్రమాదం తర్వాత బళ్లు ఆగిన చోటును మాత్రమే చూసి మృతుడికి తప్పు అంటగట్టకూడదని తేల్చింది. బండి మీద ముగ్గురు ఉన్నంత మాత్రాన, ప్రమాదానికి అది కారణమని నిరూపించకుండా, పరిహారం కోయకూడదని 2020లో మహమ్మద్ సిద్దిఖీ కేసులో చెప్పింది. మన మోటారు సైకిళ్లకు ఈ చివరి తీర్పు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

ప్రయాణికుల విషయంలో చట్టం ఇంకా స్పష్టం. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఎదురుగా వచ్చి తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొంది. కంకర బస్సులోకి కుమ్మరించుకుపోయి 19 మంది చనిపోయారు. సీట్లో కూర్చున్న మనిషికి ఏ డ్రైవరు తప్పులోనూ వాటా లేదు. ఇలాంటి కేసుల్లో ఇద్దరు డ్రైవర్ల తప్పు కలిసి ఉన్నా, బాధితులు ఏ ఒక్కరి నుంచైనా మొత్తం పరిహారం రాబట్టుకోవచ్చని 2015లో ఖేన్యేయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాటాల లెక్క ఆ ఇద్దరూ తర్వాత తేల్చుకోవాలి. ఆటోలో వెళ్తూ గాయపడ్డ కూలీ మనిషికి “మీ ఆటోవాడిదీ తప్పుంది, సగమే వస్తుంది” అని ఎవరైనా చెబితే అది చట్టం కాదు. ఇల్లు చక్కబెట్టే గృహిణి చనిపోతే ఆదాయం లేదన్న వాదనా చెల్లదు. ఇంటి పనికి విలువ కట్టి తీరాలని 2021 నాటి కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ వివరంగా రాశారు.

హక్కులు ఇంత గట్టిగా ఉన్నా అవి నిలబడేది ఆధారాల మీదే. టైర్లు ఈడ్చుకుపోయిన గుర్తులు, అద్దం పెంకులు, రాలిన మట్టి, నూనె చుక్కలు ఏ వరుసలో ఉన్నాయన్నది బళ్లు చివరికి ఆగిన చోటుకన్నా నిజం చెబుతుంది. ట్రాఫిక్ కోసం బళ్లు పక్కకు లాగేశాక, ఒక వాన పడ్డాక అవి ఉండవు. పెట్రోలు బంకుల, టోల్ ప్లాజాల కెమెరా దృశ్యాలు కూడా కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి. ఇది గుర్తించే 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనలు పోలీసులకు గడువులు పెట్టాయి. 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక పరిహారం తేల్చే మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌కు చేరాలి. ఆ నివేదికనే క్లెయిమ్ పిటిషన్‌గా తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ చెబుతోంది. ఈ నిబంధనలు తు.చ. తప్పకుండా పాటించాలని 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. కుటుంబం చేయాల్సిందీ ఉంది. ఎఫ్‌ఐఆర్, పంచనామా, రఫ్ స్కెచ్, బ్రేకు ఇన్స్పెక్టరు నివేదిక, ఎదుటి బండి బీమా వివరాలు అడిగి తీసుకోవాలి. కూలీ ఆదాయమైనా, గల్ఫ్ జీతమైనా దాఖలాలు దాచుకోవాలి. లారీ యజమాని ఇచ్చే చిన్న మొత్తానికి తెల్లకాగితం మీద సంతకం పెట్టకూడదు. ప్రమాదం ఎక్కడ జరిగినా తాము నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనే పిటిషన్ వేయవచ్చు. చట్టంలో ఆరు నెలల గడువు ఉంది. గడువు దాటిందన్న కారణంతోనే పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చినా, ఆలస్యం చేయకపోవడమే క్షేమం.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. పోయిన ప్రాణానికి వెల కట్టడం ఏమిటని కొందరికి మనసొప్పదు. ఆ బాధను గౌరవించాలి. కానీ ట్రిబ్యునల్ ప్రాణానికి వెల కట్టదు, ఆగిపోయిన సంపాదనను లెక్క కడుతుంది. అది పిల్లల చదువు, తల్లి మందులు. దాన్ని వద్దనుకోవడం వల్ల మృతుడికి ఒరిగేదేమీ లేదు. దొంగ క్లెయిములు పెరుగుతాయన్నది మరో మాట. నిజమే, ఉత్తరప్రదేశ్‌లో వాటి మీద ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేయాల్సి వచ్చింది. అయితే దొంగ క్లెయిమును పట్టించేదీ, నిజమైన క్లెయిమును గెలిపించేదీ ఒకటే: 48 గంటల్లో నమోదైన నిజాయితీ గల ఆధారం. మూడో ప్రశ్న అన్నిటికన్నా కఠినం. నిజంగానే చనిపోయినవాడిదే తప్పయితే? అప్పుడు ఆ నిజాన్నీ ఆధారాలే చెప్పాలి, కుటుంబం ఒప్పుకోవాలి. తన అజాగ్రత్త వల్లే చనిపోయిన డ్రైవరు కుటుంబానికి ఎదుటి బండి మీద తప్పు ఆధారంగా పరిహారం అడిగే హక్కు ఉండదు. అయినా దారులన్నీ మూసుకుపోవు. లైసెన్సు ఉండి సొంత బండి నడుపుతూ చనిపోయిన యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందేమో పాలసీలో చూడాలి. ఇక సిబ్బంది కొరత అన్నది పోలీసుల వైపు నుంచి వచ్చే న్యాయమైన మాట. ఫోటోలు తీసి, కొలతలు రాసి పంపడానికి పెద్ద బలగం అక్కర్లేదు. తర్వాత ఏళ్లపాటు కోర్టు చుట్టూ తిరిగే శ్రమే ఇంతకన్నా ఎక్కువ.

ఆధారాలు సరిగా రాస్తే మరో మేలు ఉంది. 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర నివేదిక 71 శాతం మరణాలకు అతివేగమే కారణమంటుంది, రాంగ్ సైడ్‌కు 5 శాతమే పడుతుంది. ప్రతి ప్రమాదానికీ అతివేగం అని రాసి ఊరుకుంటే, చూపు ఆనని మలుపు, దూరంగా ఉన్న యూటర్న్, వెలగని దీపం ఎప్పటికీ లెక్కకు రావు. మీర్జాగూడ రోడ్డు నాలుగు వరుసల విస్తరణ మర్రి చెట్ల వివాదంతో ఏళ్లపాటు ఆగిపోయిందని దేశమంతా మాట్లాడుకున్నది 19 ప్రాణాలు పోయాకే. రోడ్డు నిర్మాణ లోపానికి సంబంధిత సంస్థ బాధ్యత వహించేలా చేసే 198-ఎ సెక్షన్ 2019 నుంచీ చట్టంలో ఉంది. ఆధారం లేనిదే అది కూడా పుస్తకంలో అక్షరమే. కాబట్టి ఆలమూరు, రావులపాలెం, కొత్తపేట స్టేషన్ల నుంచి ఎన్ని ప్రమాద నివేదికలు 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు చేరాయో, ఎన్నింటిలో కొలతలతో స్కెచ్ ఉందో కోనసీమ జిల్లా అధికారులు ప్రతి మూడు నెలలకూ బయటపెట్టాలి. ఎదురెదురు ప్రమాదంలో ఇద్దరిదీ తప్పే అని రాసే ప్రతి అధికారీ ఏ ఆధారంతో అలా రాశాడో కూడా రాసి తీరాలి. ఆ ఆధారం లేనిచోట మృతుడి పరిహారంలో ఒక్క రూపాయి కూడా కోయడానికి వీల్లేదు.