రెండు ఖాళీ కుర్చీలు

మైదుకూరు పురపాలక సంఘానికి 2021 మార్చి 10న పోలింగ్ జరిగింది. 14వ తేదీ ఆదివారం ఓట్లు లెక్కించారు. 24 వార్డుల్లో తెలుగుదేశం 12, వైఎస్సార్ కాంగ్రెస్ 11, జనసేన 1 గెలుచుకున్నాయి. నాలుగు రోజులు గడిచి, 18వ తేదీ గురువారం చైర్మన్ ఎన్నిక నాటికి లెక్క మారిపోయింది. తెలుగుదేశం నుంచి గెలిచినవారిలో ఒకరు సమావేశానికి రాలేదు. జనసేన నుంచి గెలిచినవారూ రాలేదు. ఎమ్మెల్యే, ఎంపీల ఓట్లు కలిసి 11 కాస్తా 13 అయింది. 12 ఉన్న చోట 11 మిగిలింది. వైఎస్సార్ కాంగ్రెస్‌కు చెందిన మాచనూరు చంద్ర చైర్మన్‌గా ఎన్నికయ్యారు.

అప్పటినుంచి నాలుగు రోడ్ల కూడలిలో, టీ అంగళ్ల దగ్గర ఒకటే చర్చ: ఎవరు గెలిచినట్టు, ఎవరు ఓడినట్టు? ఆ చర్చలోకి మేము దిగడం లేదు. మన సంఘాల్లో ఈ మూడు పార్టీల వారూ ఉన్నారు. అందరూ ఒకే బల్ల దగ్గర ప్రభువు భోజనం తీసుకుంటున్నారు. ఈ పేజీ ఏ పార్టీకీ కరపత్రం కాదు. మేము ఆగి చూడాలనుకున్నది ఆ రోజు ఖాళీగా ఉన్న ఆ రెండు కుర్చీలను.

ముందుగా చట్టం మాట. స్థానిక శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు పురపాలక సంఘంలో చోటు కల్పించే వీలును రాజ్యాంగంలోని 243-ఆర్ అధికరణం రాష్ట్రాలకు ఇచ్చింది. మన రాష్ట్ర చట్టం వారిని ఎక్స్ అఫీషియో సభ్యులుగా చేసి, ఓటు హక్కు కూడా ఇచ్చింది. కాబట్టి 18న పడిన ఆ రెండు ఓట్లు చట్టబద్ధమైనవే. ఇది ఒక పార్టీకే కలిసొచ్చే నియమమూ కాదు. అదే రోజు పక్క జిల్లా తాడిపత్రిలో 36 వార్డులకు తెలుగుదేశం 18, వైఎస్సార్ కాంగ్రెస్ 16 గెలిచాయి. ఒకటి సీపీఐకి, ఒకటి స్వతంత్ర అభ్యర్థికి దక్కాయి. అక్కడ కూడా ఎక్స్ అఫీషియో ఓట్లున్నాయి. కానీ సీపీఐ సభ్యుడు, స్వతంత్రుడు తెలుగుదేశం వైపు నిలబడడంతో జేసీ ప్రభాకర్ రెడ్డి చైర్మన్ అయ్యారు. నియమం రెండు ఊళ్లలోనూ ఒక్కటే. తాడిపత్రిలో ఆ ఇద్దరూ వచ్చి చెయ్యెత్తారు, మైదుకూరులో ఇద్దరు రాలేదు.

మైదుకూరులో ఆ ఇద్దరూ వచ్చి ఒకే వైపు నిలిచి ఉంటే ఏమయ్యేది? 13కు 13. అప్పుడు చీటీ తీయాల్సి వచ్చేది. చీటీ ఎవరి పేరున వచ్చినా, వార్డు ప్రజలు పంపిన 24 మందీ తమ మాట చెప్పారన్న తృప్తి ఊరికి మిగిలేది. రెండు వార్డుల ఓటర్లకు ఆ తృప్తి దక్కలేదు. పదో తేదీ ఎండలో వరుసలో నిలబడి వాళ్లు వేసిన ఓటు, చైర్మన్ ఎవరన్న ప్రశ్న వచ్చిన రోజున ఎవరికీ చేరలేదు.

ఊరు పట్టణమైనప్పుడు జరిగే ఒక మార్పును కూడా మనం గమనించాలి. 2021 ఫిబ్రవరిలో చుట్టుపక్కల పల్లెల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. అక్కడ సర్పంచును ప్రజలే నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు. గ్రామసభ పెట్టాలని చట్టం చెబుతుంది. మైదుకూరు కూడా కొన్నేళ్ల కిందటి వరకూ పంచాయతీయే. పురపాలక సంఘమయ్యాక మనం వార్డు కౌన్సిలరును మాత్రమే ఎన్నుకుంటున్నాం. చైర్మన్‌ను ఎన్నుకునేది ఆ కౌన్సిలర్లు. గ్రామసభ పోయింది. వార్డు కమిటీలు తప్పనిసరి అని రాజ్యాంగం చెప్పేది మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకే. 2011 లెక్కల ప్రకారం సుమారు 45 వేల జనాభా ఉన్న మన ఊరికి అది వర్తించదు. అంటే, పట్టణ హోదాతో నిధులు, హోదా పెరగవచ్చు గానీ, పౌరుడికీ పీఠానికీ మధ్య ఒక మెట్టు అదనంగా వచ్చింది. ఆ మెట్టు మీద నిలబడిన మనిషే కౌన్సిలర్. ఆ మనిషి రాకపోతే మన గొంతు అక్కడే ఆగిపోతుంది.

అలా అని రాని ఆ ఇద్దరి మీద రాయి వేయడానికి మేము ఈ మాటలు రాయడం లేదు. సమూయేలు మొదటి గ్రంథం 20వ అధ్యాయంలో ఒక ఖాళీ కుర్చీ ఉంది. అమావాస్య విందులో రాజైన సౌలు తన చోట కూర్చున్నాడు, అబ్నేరు కూర్చున్నాడు, దావీదు చోటు మాత్రం ఖాళీ. మొదటి రోజు సౌలు ఏమీ అనలేదు. రెండో రోజూ ఖాళీగానే ఉండేసరికి అడిగాడు. దావీదు ఎందుకు రాలేదో మనకు తెలుసు. ఆ బల్ల దగ్గర ఈటె పట్టుకున్న చెయ్యి ఉంది. రాకపోవడం దావీదు తప్పు అని ఆ అధ్యాయం చదివిన ఎవరూ అనరు.

ఒక కుర్చీ ఖాళీగా ఉంటే రాని మనిషిని అడగడం ఎంత అవసరమో, ఆ బల్ల దగ్గర ఏముందో అడగడమూ అంతే అవసరం. ఫలితాలకూ చైర్మన్ ఎన్నికకూ మధ్య నాలుగు రోజులు వచ్చాయి. ఇలాంటి రోజుల్లో గెలిచినవారిని బస్సులెక్కించి క్యాంపులకు తరలించడం మన రాష్ట్రంలో అన్ని పార్టీలకూ అలవాటే. సొంత మనుషుల్నే నమ్మలేక దాచుకునే పార్టీలు, ఎదుటివారి మనుషుల కోసం వెతికే పార్టీలు, ఒకవైపు ఆశ, మరోవైపు బెదురు: మొన్నటిదాకా మన వీధిలో ఇంటింటికీ తిరిగి దండం పెట్టిన సాధారణ మనిషి వీటి మధ్య చిక్కుకుంటాడు. లంచాన్ని అసహ్యించుకునే మనుషులను ఏర్పరచుకోమని యిత్రో మోషేకు ఇచ్చిన సలహా నిర్గమకాండంలో ఉంది. అలాంటి మనుషులు దొరకాలంటే, వాళ్లు భయం లేకుండా నిలబడగలిగే ఊరు కూడా ఉండాలి.

ఈ సంగతి మైదుకూరుతోనే ఆగదు. మన జిల్లాలోనే పులివెందులలో 33 వార్డులకు 33 ఏకగ్రీవమయ్యాయి. అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న రాయచోటిలో 34 వార్డులకు 31 ఏకగ్రీవం. అక్కడి ఓటర్లకు పదో తేదీన ఎంచుకోవడానికి రెండో పేరే లేదు. ఈ ఎన్నికలకు నామినేషన్లు పడింది 2020 మార్చిలో. కరోనా వల్ల ఆ నెల 15న ఎన్నికల సంఘం వాయిదా వేసింది. ఏడాది తర్వాత ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టారు. ఏడాది గడిచినా, ఎదురు నిలబడడానికి మనిషి రాని వార్డులు అన్ని ఉన్నాయంటే, అది ఒక నాయకుడి మీద ప్రేమా, మరొకటా అన్నది ఆ ఊళ్ల వారు తమ మనస్సాక్షిని అడిగి చెప్పాలి. ఏకగ్రీవం అందమైన మాటే. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఏడుగురిని ఏర్పరచినప్పుడు ఆ మాట సమూహమంతటికీ నచ్చింది. అయితే అక్కడ మొదట సణుగుడు వినబడింది. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని కొందరు బాహాటంగా అన్నారు. అపొస్తలులు వారి నోరు మూయించలేదు. విన్నారు, తర్వాతే ఎన్నిక జరిపారు.

ఇక సంఘం సంగతి. ఎన్నికల ముందు ఆదివారాల్లో అభ్యర్థులు ఆరాధనకు రావడం, ప్రార్థన చేయించుకోవడం మన ప్రాంతంలో కొత్త కాదు. రావచ్చు. తలుపు అందరికీ తెరిచే ఉంటుంది. వారి కోసం ప్రార్థించాల్సిందే. కానీ ప్రార్థన తర్వాత మైకు సెట్టు గురించో, పైకప్పు రేకుల గురించో మాట మొదలైతే, ఆ తర్వాత ప్రసంగ వేదిక నుంచి ఫలానావారికి అన్న సూచన వెలువడితే, సంఘం తన ఓట్లను గంపగుత్తగా అమ్మినట్టే. రసీదు ఉండదు, అంతే తేడా.

ఈ విషయంలో మన పెద్దలు మనకు మంచి దారి వేసి వెళ్లారు. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తెలుగు పల్లెల సంఘాలను కాసిన మనిషి. 1930లలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామని బ్రిటిష్ ప్రభుత్వం అంటే ఆయన వ్యతిరేకించారు. సంఘం ఓట్ల గుంపుగా మారితే సువార్తకు చెరుపు అని ఆయన ఆందోళన. రాజ్యాంగ సభలో అల్పసంఖ్యాకుల విషయాలు చూసిన హెచ్.సి. ముఖర్జీ కూడా క్రైస్తవుడే. 1949లో మతం ఆధారంగా చట్టసభల్లో సీట్ల రిజర్వేషన్ వద్దనుకున్నప్పుడు ఆయన దానికి అండగా నిలిచారు. గుంపు ఓటును కాదన్న ఆ పెద్దలు మనల్ని రాజకీయాలకు దూరంగా ఉండమనలేదు. ఒక్కొక్కరుగా, పౌరులుగా, మనస్సాక్షితో రమ్మన్నారు. మన సంఘాలు గుంపు ఓటు విడిచిపెట్టకపోగా, ఒక్కొక్కరుగా రావడం మాత్రం మానేశాయి.

ఇక్కడ ఒక నొప్పిని కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారిని బీసీ-సీలో చేర్చారు. దీని మీద 2004లో దాఖలైన వ్యాజ్యం సుప్రీంకోర్టులో ఇంకా తేలలేదు. అందువల్ల ఎస్సీలకు కేటాయించిన వార్డులో నిలబడాలనుకునే విశ్వాసి ముందు గుడిలో తన కుర్చీని ఖాళీ చేయాలి, లేదా కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతకాలి. దీన్ని అబద్ధమని తేలికగా తిట్టేవారు ఆ ఇంటి పిల్లల ఫీజు కట్టినవారు కారు. అలాగని మౌనంగా దాటేయడమూ సంఘానికి తగదు. అంటరానితనం బాప్తిస్మంతో పోలేదని మన వీధులు చెబుతుంటే, హక్కు మాత్రం పోయిందనడం న్యాయమా అని సంఘం బాహాటంగా, చట్టబద్ధంగా అడుగుతూనే ఉండాలి.

కౌన్సిల్‌తో మనకు పనేమిటి అనేవారికి ఒక్క మాట. 2019 జూలైలో పాత పాలకవర్గాల గడువు తీరింది. అప్పటినుంచి 2021 ఎన్నికల వరకూ పురపాలక సంఘాలను ప్రత్యేకాధికారులే నడిపారు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆస్తి పన్నును అద్దె విలువ మీద కాక, ఆస్తి మూలధన విలువ మీద లెక్కించే కొత్త పద్ధతి వచ్చింది. ఆరాధన స్థలాలకు మినహాయింపు ఉంది, మన ఇళ్లకు లేదు. తాగునీరు, మురుగు కాలువలు, చెత్త, వీధి దీపాలు కౌన్సిల్ చేతిలోవే. రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు ఉద్దేశించిన 18 పనుల జాబితా ఉంది. శ్మశానాలు, సమాధి స్థలాలు అందులో ఉన్నాయి. సమాధుల తోటకు ప్రహరీ లేదని, దారి లేదని బాధపడే సంఘాలు ఎన్నో. మన చనిపోయినవారిని గౌరవంగా పడుకోబెట్టే చోటు కూడా ఆ 24 కుర్చీల ముందుకు రావాల్సిన విషయమే.

నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయం చాలామంది దాటేసి చదివే అధ్యాయం. అంతా పేర్ల పట్టీ. యెరూషలేము గోడ కట్టినవారి పేర్లు. అందులో కొందరి గురించి, వారు తమ తమ ఇంటికి ఎదురుగా ఉన్న భాగాన్ని బాగుచేశారని రాసి ఉంది. అదే పట్టీలో తెకోవ వారి సంగతీ ఉంది. ఆ ఊరి సామాన్యులు పనికి వచ్చారు, పెద్దలు మాత్రం మెడ వంచలేదు. వేల ఏళ్లు గడిచినా ఆ గైర్హాజరు రికార్డులో నిలిచిపోయింది.

మన ఇంటికి ఎదురుగా ఉన్న గోడే మన వార్డు. సంఘంగా కాదు, వార్డు పౌరులుగా మనం చేయగలిగినవి ఉన్నాయి. 18 నిండిన యువతీ యువకుల పేర్లు ఓటరు జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. వార్డు సచివాలయానికి వెళ్లి కొత్త పన్ను లెక్క ఎలా వేశారో అడగాలి. మన వీధి నుంచి ఇద్దరు ముగ్గురు కలిసి, ఇరుగు పొరుగు ముస్లిం, హిందూ కుటుంబాలను కలుపుకొని, కాలువ గురించో నీళ్ల గురించో అర్జీ రాసి కౌన్సిలరుకు ఇవ్వాలి. నెల నెలా జరిగే కౌన్సిల్ సమావేశానికి మీరు వెళ్లారా, మా అర్జీ చదివారా అని మర్యాదగా అడగాలి. ఎవరూ అడగని చోట కుర్చీ ఖాళీగా ఉండడం తేలిక.

ఆ రెండు వార్డుల్లో ఉన్న విశ్వాసులకు ప్రత్యేకంగా ఒక మనవి. మీ కౌన్సిలరు వీధిలో ఎదురైతే మొహం తిప్పుకోవద్దు. ఎందుకు రాలేదో వారినే అడగండి, చెప్పేది ఓపికగా వినండి. వచ్చే సమావేశానికి తప్పక వెళ్లమని చెప్పండి. భయం కారణమైతే వారికి తోడుగా ఉండండి, మరేదైనా కారణమైతే ఆ మాట కూడా మొహాన చెప్పండి. ఆ ఎన్నిక ఐదేళ్ల పదవీకాలంలో ఒక్క రోజే.

ఈ ఆదివారం మైదుకూరు సంఘాలు తమ ప్రార్థనల్లో 24 మంది కౌన్సిలర్ల పేర్లూ చదవాలని మా కోరిక. పార్టీల వారీగా కాదు, ఒకటో వార్డు నుంచి ఇరవై నాలుగో వార్డు దాకా వరుసగా. చైర్మన్ పేరు అందులోనే వస్తుంది. రాని ఆ ఇద్దరి పేర్లూ వస్తాయి.